దానియేలు నాలుగో మృగం ఎవరు? హనోకు గ్రంథాన్ని ఎవరైనా దాచారా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. దానియేలు 7లో సముద్రంలోంచి వచ్చే నాలుగో మృగం యూరోపియన్ యూనియన్ అని మీ ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన చెప్పారు, నిజమేనా అని ఒకటి. దానియేలు పుస్తకం దానియేలు రాయలేదని పండితులు అంటున్నారట, అంటే అది దొంగ పుస్తకమా అని రెండోది. హనోకు గ్రంథాన్ని (ఆదికాండంలోని హనోకు పేరుతో ఉన్న పాత యూదు గ్రంథం) కావాలని బైబిల్లోంచి తీసేశారని యూట్యూబ్‌లో చూశాను, ఎందుకు తీశారు అని మూడోది. మూడింటికీ కలిపే చెప్తాను, ఎందుకంటే ఒకటి అర్థమైతే మిగతా రెండూ దానంతట అవే విడిపోతాయి. కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఇరవై ఏళ్లకి పైగా హీబ్రూ, అరామిక్ పాఠాలు చదువుతూ, చదువుకునేవాళ్లకి చెప్తూ ఉన్నాను. పెరిగింది మాత్రం గుంటూరు జిల్లాలో ఒక పల్లె చర్చిలోనే, ఉజ్జీవ కూటాలకి పెద్ద గుడ్డ మీద నెబుకద్నెజరు కలలోని ప్రతిమ బొమ్మ గీసి వేలాడదీసేవాళ్లు, బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్లు, దాని ముందు కూర్చుని నోరు తెరుచుకుని విన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకని మీ పెద్దాయన మీద నాకు చిన్నచూపు ఏమీ లేదు. ఆయన ఆ పుస్తకాన్ని ప్రాణంగా చూసుకుంటున్నారు, అది మంచిదే. కానీ ఆ మృగం ఎవరో తెలియాలంటే ఇవాళ్టి పేపర్ కాదు చూడాల్సింది, ఆ పుస్తకం మొదట ఎవరి చేతుల్లోకి వెళ్లిందో, ఆ రోజు వాళ్లు ఎవర్ని చూసి వణుకుతున్నారో అది చూడాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు 7వ అధ్యాయం పక్కన పెట్టి 8వ అధ్యాయం తియ్యండి. అందులో రెండు కొమ్ముల పొట్టేలు, దాన్ని గుద్ది పడేసే మేకపోతు, మేకపోతు పెద్ద కొమ్ము విరిగి నాలుగు కొమ్ములు రావడం, వాటిలో ఒకదాంట్లోంచి చిన్న కొమ్ము మొలిచి దేవాలయంలో నిత్యబలి ఆపేయడం ఉంటుంది. దీన్ని మనం ఊహించక్కర్లేదు, గబ్రియేలు దూత అక్కడే అర్థం చెప్పేస్తాడు, పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులు, మేకపోతు గ్రేకుల రాజు అని 20, 21 వచనాల్లో పేర్లతో సహా ఉంది. పెద్ద కొమ్ము అలెగ్జాండర్, క్రీ.పూ. 323లో చనిపోయాడు, రాజ్యం సేనాపతుల మధ్య ముక్కలైంది. ఆ ముక్కల్లో సిరియా వైపు సెల్యూకస్ వంశం, ఈజిప్టు వైపు టోలెమీ వంశం, రెండింటి మధ్యా నలిగిపోయింది యూదయ. ఆ సెల్యూకస్ వంశంలో యెరూషలేము దేవాలయంలో నిత్యబలి ఆపించిన రాజు చరిత్రలో ఒకడే, నాలుగో అంతియొకస్, క్రీ.పూ. 175 నుంచి 164 దాకా ఏలాడు, ఎపిఫనేస్ అనే బిరుదు పెట్టుకున్నాడు. నాణేల మీద తన పేరు పక్కన "ప్రత్యక్షమైన దేవుడు" అని కొట్టించుకున్నాడు. గొప్పలు పలికే నోరు అని 7లో చెప్పిన చిన్న కొమ్ము, తన్ను తాను ప్రతి దేవుని కంటే హెచ్చించుకునే రాజు అని 11:36లో చెప్పింది, ఈ నాణేల పక్కన పెట్టి చదివితే చాలు.

ఇప్పుడు 7కి రండి. రెక్కల సింహం, ఎలుగుబంటి, నాలుగు తలల చిరుత, ఇనుప పళ్ల నాలుగో మృగం. మన చర్చిల్లో మామూలుగా బబులోను, మాదీయ-పారసీకం, గ్రీకు, రోమా అని లెక్క చెప్తారు. పరిశోధకుల్లో ఎక్కువమంది బబులోను, మాదీయ, పారసీకం, గ్రీకు అని చెప్తారు. మాదీయను ఎందుకు విడదీస్తారు అంటే ఈ పుస్తకమే విడదీసింది కాబట్టి, బబులోను రాజు బెల్షస్సరు తర్వాత మాదీయుడైన దర్యావేషు, తర్వాత పారసీకుడైన కోరెషు వస్తారు. 8లో ఆ రెండూ ఒకే పొట్టేలు కదా అని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే, కానీ అక్కడ కూడా కొమ్ములు రెండు, ఒకటి తర్వాత ఒకటి మొలుస్తాయి. పైగా 7లోని చిన్న కొమ్మూ 8లోని చిన్న కొమ్మూ ఒకే పని చేస్తాయి, 8లో అది గ్రీకు మేకపోతు తల మీదే ఉందని దూత చెప్పాడు, కాబట్టి 7లో నాలుగోది కూడా గ్రీకు రాజ్యమే అవ్వాలి.

అసలు పట్టు దొరికేది 11వ అధ్యాయంలో. చాలామంది ఆ అధ్యాయం చదవడం మొదలుపెట్టి ఉత్తరదేశపు రాజు, దక్షిణదేశపు రాజు అని చదివి తల తిరిగి వదిలేస్తారు, నేనూ చిన్నప్పుడు వదిలేసినవాణ్ణే. కానీ పక్కన గ్రీకు చరిత్ర పెట్టుకుని చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 6వ వచనంలో దక్షిణదేశపు రాజకుమార్తె ఉత్తరదేశపు రాజు దగ్గరికి పెళ్లి చేసుకుని వెళ్తుంది, కానీ ఆ బలం నిలవదు. ఆమె బెరెనీకే, రెండో టోలెమీ కూతురు, క్రీ.పూ. 252 ప్రాంతంలో రెండో అంతియొకస్‌కి ఇచ్చి చేశారు, అప్పటికే ఉన్న భార్య లయొదికేని పక్కన పెట్టించి మరీ. 246లో రాజు పోగానే లయొదికే మనుషులు బెరెనీకేనీ ఆమె చంటిబిడ్డనీ చంపేశారు. 7వ వచనంలో "ఆమె వేరులోంచి పుట్టినవాడు" సైన్యంతో వస్తాడు, అంటే ఆమె సోదరుడు మూడో టోలెమీ, నిజంగానే సిరియా మీద దండెత్తాడు. తర్వాత 217లో రాఫియా యుద్ధం, 200లో పానియోన్ యుద్ధం, 193లో క్లియోపాత్ర పెళ్లి (జూలియస్ సీజర్ కాలం నాటి ఆమె కాదు, అంతకు ముందు ఆమె), అన్నీ వరసగా వస్తాయి, ఒక్క పేరూ చెప్పకుండా.

30వ వచనంలో కిత్తీయుల, అంటే ఇక్కడ రోమన్ల, ఓడలు వస్తాయి, రాజు గుండె జారి వెనక్కి తిరుగుతాడు, ఆ కోపం పరిశుద్ధ నిబంధన మీద చూపిస్తాడు. ఇది క్రీ.పూ. 168. అంతియొకస్ రెండోసారి ఈజిప్టు మీదికి వెళ్లి అలెగ్జాండ్రియా గుమ్మం దాకా వచ్చేశాడు, అప్పుడు రోమ్ నుంచి పొపిల్లియస్ లేనాస్ అనే రాయబారి వచ్చి సెనేట్ ఉత్తరం చేతిలో పెట్టాడు, వెనక్కి వెళ్లిపొమ్మని. నా వాళ్లతో ఆలోచించి చెప్తానన్నాడు రాజు. పొపిల్లియస్ చేతికర్రతో ఆయన చుట్టూ ఇసకలో గీత గీసి, ఈ గీత దాటేలోపు జవాబు చెప్పమన్నాడు. అంత పెద్ద రాజు అందరి ముందూ తలొంచి వెనక్కి తిరిగాడు. ఆ మరుసటి ఏడు 167లో యెరూషలేము మీద పడ్డాడు. సున్నతి నిషేధం, విశ్రాంతిదినం నిషేధం, ధర్మశాస్త్రం చుట్టలు చించి కాల్చడం, బిడ్డలకి సున్నతి చేయించిన తల్లుల్ని చంపి ఆ బిడ్డల్ని వాళ్ల మెడలకే వేలాడదీయడం, ఇవన్నీ మక్కబీయుల మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఉన్నాయి, కాథలిక్ బైబిల్లో తెలుగులోనే దొరుకుతుంది, తప్పకుండా చదవండి. ఆ డిసెంబర్లో దేవాలయపు బలిపీఠం మీద అన్యదేవతకి బలి అర్పించారు. దేవాలయానికి గ్రీకుల పెద్ద దేవుడు ఒలింపియన్ జ్యూస్ (Zeus) పేరు పెట్టారని రెండో గ్రంథం చెప్తుంది. మన తెలుగు బైబిల్లో "హేయమైన వస్తువు" అని ఉన్నది హీబ్రూలో "షిక్కూస్ షొమేమ్", అక్కడ రచయిత ఒక మాటల విరుపు చేశాడు, జ్యూస్‌ని ఆ ప్రాంతపు సెమిటిక్ భాషలో "బాల్ షమేమ్" అంటే ఆకాశాల ప్రభువు అనేవాళ్లు, "బాల్" స్థానంలో "హేయం" పెట్టి "షమేమ్"ని "షొమేమ్" అంటే పాడుచేసేది అని తిప్పాడు. ఆ దేవుడి పేరు నోటితో పలకడం కూడా ఇష్టం లేక అలా రాశాడు. అనువాదంలో అది పోయింది, ఏ భాషలోనైనా పోతుంది.

ఇంత కచ్చితంగా నడిచిన కథ 40వ వచనం నుంచి పక్కకి వెళ్లిపోతుంది. ఆ రాజు మళ్లీ ఈజిప్టు మీదికి వెళ్లి గెలుస్తాడు, లూబీయులు, కూషీయులు లోబడతారు, తిరిగొచ్చి సముద్రానికీ పరిశుద్ధ పర్వతానికీ మధ్య డేరాలు వేసుకుని అక్కడ అంతమవుతాడు అని ఉంది. అలా జరగలేదు. మూడో ఈజిప్టు యుద్ధం లేదు. అంతియొకస్ 164 చివర్లో పారసీక దేశం వైపు చనిపోయాడు, ఆ వార్త ఏ నెలలో బబులోను చేరిందో కూడా మట్టి పలక మీద రాసి ఉంది. అదే డిసెంబర్లో యూదుల తిరుగుబాటు నాయకుడు యూదా మక్కబీ దేవాలయాన్ని శుద్ధి చేశాడు, ఇప్పటికీ యూదులు చేసే హనుక్కా పండగ అదే, ఆ సంగతి కూడా ఈ అధ్యాయంలో లేదు. కాబట్టి 39 దాకా రాసినవాడు జరిగింది చూసినవాడు, 40 నుంచి రాసింది అతను ఎదురుచూసింది. బలిపీఠం మైలపడ్డాక, అంతియొకస్ చావు వార్త రాకముందు, అంటే 167 డిసెంబర్‌కీ 164 చివరికీ మధ్యలో ఈ భాగం రాశారు. పాత పుస్తకాల్లో ఇంత బిగువుగా తేదీ కట్టగలిగినవి చాలా తక్కువ.

ఈ మాట మొదట చెప్పింది ఈ కాలపు పండితులు కాదు, క్రీ.శ. 3వ శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్వవేత్త, ఆయన క్రైస్తవానికి విరోధి, విరోధంతోనే చెప్పాడు. ఆయన పుస్తకం కాలగర్భంలో కలిసిపోయింది, కానీ బైబిల్ని లాటిన్‌లోకి అనువదించిన జెరోము క్రీ.శ. 407లో దానియేలుకి వ్యాఖ్యానం రాస్తూ ఒక్కో వచనం దగ్గరా పోర్ఫిరీ ఏమన్నాడో చెప్పి జవాబిచ్చాడు కాబట్టి మనకి మిగిలింది. వాదించినవాడే దాచిపెట్టాడన్నమాట.

మిగతా ఆధారాలు త్వరగా చెప్పేస్తాను. పుస్తకంలో 2:4 మధ్య నుంచి 7 చివరి దాకా అరామిక్, మిగతాది హీబ్రూ. 3వ అధ్యాయంలో వాయిద్యాల పేర్లు మూడు గ్రీకువి, మన తెలుగు బైబిల్లో "సుంఫోనీయ" అని అలాగే ఉంచేశారు చూడండి, సింఫనీ అన్న మాటే అది. యూదుల బైబిల్లో దానియేలు ప్రవక్తల విభాగంలో ఉండదు, చివర్లో కూర్చిన "రచనలు" విభాగంలో ఉంటుంది. క్రీ.పూ. 180 ప్రాంతంలో బెన్ సీరా అనే ఆయన పితరుల్ని వరసగా పొగుడుతూ యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు అందర్నీ చెప్పి దానియేలుని చెప్పలేదు. అవతలి పక్షం మాట కూడా చెప్పాలి, క్రీ.పూ. 6వ శతాబ్దమే అని వాదించే పండితులు ఇప్పటికీ ఉన్నారు, ఒకప్పుడు బెల్షస్సరు అనేవాడే లేడన్నారు, తర్వాత బబులోను పలకల్లో దొరికాడు కదా అని గుర్తుచేస్తారు. నిజమే, దొరికాడు, కానీ నెబుకద్నెజరు కొడుకుగా కాదు, బబులోను చివరి రాజు నబోనిదస్ కొడుకుగా, తండ్రి అరేబియాలో తేమా అనే ఊళ్లో ఏళ్ల తరబడి ఉండిపోతే ఇక్కడ వ్యవహారాలు చూసినవాడిగా. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో నబోనిదస్ ప్రార్థన అని ఒక అరామిక్ ముక్క దొరికింది, ఆ రాజు తేమాలో ఏడేళ్లు జబ్బుపడి ఒక యూదుడి మాటతో బాగుపడినట్టు. దానియేలు 4లో నెబుకద్నెజరు ఏడు కాలాలు గడ్డి మేసిన కథకి ఇది అన్నో తమ్ముడో అవుతుంది. అంటే 1 నుంచి 6 దాకా ఉన్న కథలు పాతవి, తరాలుగా చెప్పుకున్నవి. వాటిని తీసుకుని, దర్శనాలు జోడించి, క్రీ.పూ. 160ల్లో పుస్తకం చేశారు అనేది నాకు సబబుగా కనిపించే లెక్క.

ఇక దొంగ పుస్తకమా అనే ప్రశ్న. ఇది అడిగినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అడిగేవాళ్ల గొంతులో భయం ఉంటుంది, ఏదో పోగొట్టుకుంటున్నామని. పోయేది ఏమీ లేదండి. ఆ కాలంలో ఇదొక సాహిత్య ప్రక్రియ, అపొకలిప్టిక్ అంటారు. హనోకు పేరుతో, ఎజ్రా పేరుతో, బారూకు పేరుతో, అబ్రాహాము పేరుతో, అన్నీ ఇలాగే రాశారు. గ్రీకులో అపొకలిప్సిస్ అంటే ప్రళయం కాదు, తెర తీయడం. 1979లో కొందరు పండితులు కూర్చుని ఈ పుస్తకాలన్నీ పోల్చి ఒక నిర్వచనం చేశారు, దాని సారం ఏంటంటే ఒక కథ చట్రం ఉంటుంది, పరలోకం నుంచి ఒకరు వచ్చి మనిషికి మరుగున ఉన్నది చూపిస్తారు, చూపించేది రెండు, కాలం చివర ఏముందో, కంటికి కనపడని లోకంలో ఏముందో. యూదుల పుస్తకాల్లో చూసేవాడు దాదాపు ఎప్పుడూ పూర్వకాలపు మహానుభావుడే అయి ఉంటాడు. జరిగిపోయిన చరిత్రని ఆయన నోట జరగబోయేదిగా చెప్పిస్తారు. మనకి ఇది కొత్త కాదు, విష్ణు పురాణం నాలుగో అంశం తియ్యండి, పరాశరుడు మైత్రేయుడికి నందులు వస్తారు, మౌర్యులు వస్తారు, శుంగులు, కాణ్వులు, తర్వాత ఆంధ్ర రాజులు వస్తారు అని భవిష్యత్తులో చెప్తాడు. శాతవాహనుల వరస కట్టడానికి చరిత్రకారులు అలాంటి పురాణాల జాబితాలనే వాడుకున్నారు. ఎవరూ పరాశరుడి పేరు పెట్టి మోసం చేశారని అనరు, అది అలా చెప్పే పద్ధతి అని తెలుసు.

అలా చెప్పడంలో ఉద్దేశం కూడా ఉంది. కళ్ల ముందు పిల్లల్ని చంపుతున్నారు, దేవుడు ఏమయ్యాడో తెలియదు. అప్పుడు ఈ పుస్తకం చేతికొస్తే, రాజ్యాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోవడం అంతా ముందే లెక్కలో ఉందని, వీడి రోజులు కూడా లెక్కపెట్టి ఉన్నాయని తెలుస్తుంది. ఎన్ని రోజులు అనేది కూడా చెప్పాడు, 8:14లో 2,300 సాయంత్రాలూ ఉదయాలూ, రోజుకి రెండు బలులు కాబట్టి 1,150 రోజులు అని చాలామంది లెక్క. 12:11లో 1,290 రోజులు. ఆ వెంటనే 12లో 1,335 రోజుల దాకా కనిపెట్టుకునేవాడు ధన్యుడు. ఎందుకు పెరిగిందంటే, మొదటి గడువు దాటిపోయింది, ఎవరో ఇంకో వాక్యం చేర్చారు, అదీ దాటింది, ఇంకొకటి చేర్చారు అని 1895లో హెర్మన్ గుంకెల్ అనే జర్మన్ పండితుడు చెప్పాడు. నాకు ఆ రెండు వచనాలు చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. చెప్పిన రోజు వచ్చి వెళ్లిపోయింది, అయినా పుస్తకాన్ని విసిరి పారేయలేదు, ఇంకో నలభై ఐదు రోజులు ఓర్చుకోండి అని రాశారు.

ఇంకో సంగతి, హీబ్రూ బైబిల్లో చనిపోయినవాళ్లు లేస్తారని స్పష్టంగా చెప్పిన మొదటి చోటు ఈ పుస్తకంలోనే, 12:2. అది కూడా ఈ కాలం లోంచే పుట్టింది. ధర్మశాస్త్రం పాటిస్తే దీర్ఘాయువు అని ద్వితీయోపదేశకాండం చెప్పింది, ఇప్పుడేమో పాటించినవాళ్లనే చంపుతున్నారు, పాటించనివాళ్లు పదవుల్లో ఉన్నారు. అలాంటప్పుడు న్యాయం ఈ బతుకులో పూర్తవదు, సమాధి అవతలికి వెళ్లాల్సిందే. "బుద్ధిమంతులు" నక్షత్రాల్లా ప్రకాశిస్తారని 12:3 చెప్తుంది, హీబ్రూలో "మస్కిలీమ్", 11:33లో జనానికి బోధిస్తూ కత్తికీ మంటకీ పడిపోయేది కూడా వాళ్లే. పుస్తకం రాసినవాళ్లు ఆ గుంపులోవాళ్లే అని పండితుల నమ్మకం. వాళ్లు కత్తి పట్టలేదు. 11:34లో వాళ్లకి "స్వల్ప సహాయం" దొరుకుతుందని ఉంది, అది మక్కబీల తిరుగుబాటు గురించే అని ఎక్కువమంది చెప్తారు.

ఇక్కడే హనోకు వస్తాడు, అందుకే మూడూ కలిపి చెప్తానన్నాను. హనోకు మొదటి గ్రంథం ఒక పుస్తకం కాదు, 108 అధ్యాయాల్లో ఐదు పుస్తకాలు కలిపి కుట్టినది. అందులో 85 నుంచి 90 దాకా ఉన్నదాన్ని పండితులు జంతువుల దర్శనం అంటారు, ఆదాము తెల్ల ఎద్దు, ఇశ్రాయేలు గొర్రెలు, వాటిని మేపడానికి పెట్టిన డెబ్భై మంది కాపరులు చెప్పినదానికంటే ఎక్కువ గొర్రెల్ని చంపుతుంటారు, చివర్లో ఒక గొర్రెకి పెద్ద కొమ్ము మొలుస్తుంది, అది కాకుల మీదా గద్దల మీదా తిరగబడుతుంది. ఆ కొమ్ము పొట్టేలు యూదా మక్కబీ. అంటే దానియేలు 7 నుంచి 12 దాకా, ఈ జంతువుల దర్శనం, రెండూ ఇంచుమించు ఆ నాలుగైదేళ్లలోనే, అదే రాజు కింద, అదే దేశంలో రాశారు. ఒకరేమో ఓర్చుకోండి, చచ్చినా లేస్తాం అన్నారు, ఇంకొకరు దేవుడు యుద్ధం చేసేవాడి పక్కన ఉన్నాడు అన్నారు. ఒకే కష్టం మీద ఇద్దరి విశ్వాసం రెండు దారులు పట్టింది. అపొకలిప్టిక్ అంటే అందరూ ఒకేలా ఆలోచించే గుంపు అనుకుంటారు, ఈ రెండూ పక్కపక్కన చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

హనోకులో మొదటి 36 అధ్యాయాలు, 72 నుంచి 82 దాకా ఉన్న ఖగోళ గ్రంథం ఇంకా పాతవి, క్రీ.పూ. 3వ శతాబ్దం అంటారు. మొదటిదాంట్లో రెండు వందల మంది దూతలు హెర్మోను కొండ మీదికి దిగి స్త్రీలను పెళ్లాడతారు, రాక్షస సంతానం భూమిని తినేస్తుంది, అసాయేల్ అనే దూత కత్తులు, డాళ్లు చేయడం నేర్పిస్తాడు. ఆదికాండం 6లో నాలుగు వచనాల్లో ఉన్న ముక్కని ఇంత చేశారు. అలెగ్జాండర్ తర్వాత సేనాపతులు ఒకరి మీద ఒకరు పడి దేశాల్ని నమిలేసిన యుద్ధాలే ఆ రాక్షసులు అని కొందరు పండితులు, కాదు, దారితప్పిన యాజకుల మీద విమర్శ అని ఇంకొందరు. నాకు మొదటిది ఎక్కువ నచ్చుతుంది, ఆయుధాల మీద అంత గురి పెట్టాడు కాబట్టి. ఖగోళ గ్రంథంలో సంవత్సరానికి 364 రోజులు, సరిగ్గా 52 వారాలు, అలా అయితే ప్రతి పండగా ప్రతి ఏడూ అదే వారం రోజున పడుతుంది. పండగ ఏ రోజు అనే తగువు ఎంత దూరం వెళ్తుందో మన పంచాంగాలు చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ కూడా దేవాలయం వాళ్లతో, ఆ గుహల గ్రంథాలు ఎవరివో ఆ కుమ్రాన్ యూదు గుంపు విడిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

మరి దాచారా అంటే, లేదు. ఎవరూ బైబిల్లోంచి చింపి తీయలేదు, ఎందుకంటే యూదుల బైబిల్లోకి అది ఎప్పుడూ ఎక్కలేదు. క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నైసియా సభలో తీసేశారని వీడియోల్లో చెప్తారు, ఆ సభ ఏ పుస్తకాలు ఉండాలి అనే విషయం మీద నిర్ణయమే చేయలేదు. తొలి క్రైస్తవులు కొందరు దాన్ని గౌరవించారు, యూదా పత్రిక 14, 15 వచనాల్లో హనోకు మాటలు ఉన్నాయి కదా, అవి హనోకు గ్రంథం 1:9 నుంచే. టెర్టూలియన్ అనే తొలి క్రైస్తవ రచయిత దాన్ని సమర్థించాడు. తర్వాత పడమటి దేశాల్లో చదివేవాళ్లు తగ్గారు, నకళ్లు రాసేవాళ్లు లేకపోయారు. ఇథియోపియా చర్చి మాత్రం తన బైబిల్లో ఉంచుకుంది, అక్కడి పాత భాష గీజ్‌లో, అందుకే మొత్తం గ్రంథం మనకి మిగిలింది. 1773లో జేమ్స్ బ్రూస్ అనే స్కాట్లండ్ ఆయన అక్కడి నుంచి మూడు ప్రతులు తెచ్చాడు. తర్వాత కుమ్రాన్ గుహల్లో పదకొండు అరామిక్ ప్రతుల ముక్కలు దొరికాయి, దాంతో ఇది క్రీస్తుకి ముందుదే అని గట్టిగా తేలింది. అయితే ఆ ముక్కల్లో 37 నుంచి 71 దాకా ఉన్న ఉపమానాల భాగం ఒక్కటి కూడా లేదు, మనుష్యకుమారుడు సింహాసనం మీద కూర్చునేది ఆ భాగంలోనే, అందుకే దాని తేదీ మీద వాదనలు ఎక్కువ.

మనుష్యకుమారుడి మాట వచ్చింది కాబట్టి, దానియేలు 7:13లో తెలుగు అనువాదకులు "మనుష్యకుమారునిపోలిన యొకడు" అని పెట్టారు, ఆ "పోలిన" అన్న మాట చాలా విలువైనది, అరామిక్‌లో "కె-బర్ ఎనాష్", మనిషిలాంటి ఒకడు. మృగాల్లాంటివి నాలుగు, చివర మనిషిలాంటివాడు ఒకడు. అతను ఇశ్రాయేలు ప్రజలకి గుర్తు అని కొందరు, మెస్సీయ అని కొందరు, 10లో, 12:1లో వచ్చే మిఖాయేలు దూత అని కొందరు. ఆ పుస్తకం రాసిన రోజుకి మిఖాయేలే అని నా అభిప్రాయం, పైన దూతలకి జరిగేది కింద జనానికి జరుగుతుంది అనేది ఆ పుస్తకం నడక కాబట్టి. 1929లో సిరియాలో ఉగరిత్ అనే పాత నగరంలో తవ్వకాలు మొదలయ్యాక ఇంకో పొర బయటపడింది, అక్కడి పలకల్లో నెరిసిన గడ్డం ఉన్న ఎల్ దేవుడు, మేఘాల మీద స్వారీ చేసే బాల్, బాల్ చేతిలో ఓడిపోయే సముద్రం. దానియేలు 7లోనూ సముద్రం, మహావృద్ధుడు (సింహాసనం మీద కూర్చున్న దేవుడు), మేఘాల మీద వచ్చేవాడు, మూడూ ఒక్కచోట. వెయ్యేళ్ల పాత బొమ్మల్ని తీసుకుని యూదు రచయిత తన దేవుడి గురించి చెప్పడానికి వాడుకున్నాడు. తర్వాత సువార్తలు ఆ మాటని యేసుకి చెప్పాయి, అది ఇంకో చదువు, అది తప్పని నేను చెప్పడం లేదు.

మరి రోమా అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? దానికి జవాబు ఎజ్రా నాలుగో గ్రంథంలో ఉంది, క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చిన తర్వాత ఆ శతాబ్దం చివర్లో రాసినది. ఎజ్రా సముద్రంలోంచి లేచే డేగని చూస్తాడు, పన్నెండు రెక్కలు, మూడు తలలు, ఆ తలలు వెస్పాసియన్, టైటస్, డొమిషియన్ చక్రవర్తులని పండితులు ఒప్పుకుంటారు. అక్కడ దూత చెప్పే మాట సారం ఇది: ఇది నీ సోదరుడు దానియేలుకి కనిపించిన నాలుగో రాజ్యమే, కానీ ఇప్పుడు నీకు చెప్తున్నట్టు అతనికి చెప్పలేదు. చూశారా, అర్థం మార్చుతున్నానని ఆ రచయితే బాహాటంగా ఒప్పుకున్నాడు. అంతియొకస్ పోయాడు, రాజ్యం రాలేదు, రోమా వచ్చింది, దేవాలయమే పోయింది, పాత దర్శనాన్ని తీసి కొత్త కన్నీళ్లతో చదివాడు. ఆ పుస్తకంలో ఎజ్రా దూతతో ఎంత గట్టిగా వాదిస్తాడో, మాకెందుకు ఈ బుద్ధి ఇచ్చావు, నశించిపోతామని తెలియడానికా అని ఎలా అడుగుతాడో చదవండి, ఈ సాహిత్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం అదే.

కాబట్టి నాలుగో మృగాన్ని తన కాలపు రాజ్యంగా చదవడం మీ పెద్దాయన మొదలుపెట్టింది కాదు, 1,900 ఏళ్ల కిందటే మొదలైంది. తేడా ఒక్కటే, ఎజ్రా రచయిత తన ఊరు కాలిపోయాక, తనను తొక్కిన రాజ్యం గురించి చెప్పాడు. యూరోపియన్ యూనియన్ మీ కూటంలో ఎవరి బలిపీఠం మీద పడింది, ఎవరి బిడ్డని చంపింది? ఆ ప్రశ్న ఆయన్ని మెల్లగా అడగొచ్చు. అంతకంటే ముందు ఆయనతో కూర్చుని 8:21 కలిసి చదవండి, తర్వాత మక్కబీయుల మొదటి గ్రంథం ఒకటో అధ్యాయం, తర్వాత దానియేలు 11 మొదటి నుంచి నెమ్మదిగా, ఒక్కో వచనం పక్కన ఒక్కో రాజు పేరు పెన్సిల్‌తో రాసుకుంటూ. 40వ వచనం దగ్గర ఆగి, అది రాస్తున్న మనిషికి ఆ క్షణాన ఏం తెలుసు, ఏం తెలియదు అని ఇద్దరూ ఆలోచించండి. ఎక్కడైనా పేర్లు కలవకపోతే ఇక్కడే అడగండి, వచనం నంబర్ పెట్టి, నేను చూసి చెప్తాను.